అన్నయ్య కొనిస్తానన్న ఎక్స్‌ప్రెస్ పాసులు తీసుకోవాలా?

ప్రశ్న: మేం అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఉంటాం. బాబుకి 16 ఏళ్లు, పాపకి 14. మా వారి అన్నయ్య కుటుంబం కూడా మాకు దగ్గర్లోనే ఉంటుంది. కిందటి అక్టోబరులో ఒక శనివారం రెండు కుటుంబాలూ కలిసి ఫ్లోరిడాలో ఒక థీమ్ పార్కులో రాత్రిపూట జరిగే హాలోవీన్ ఈవెంట్‌కి వెళ్లాం. టికెట్లకే చాలా అయింది. లోపలికి వెళ్తే దయ్యాల కొంపలా కట్టిన ఒక్కో హాంటెడ్ హౌస్ ముందు గంటన్నర లైను. అప్పుడు తెలిసింది, బావగారు వాళ్ల నలుగురికీ లైను దాటి వెళ్లే ఎక్స్‌ప్రెస్ పాసులు ముందే కొన్నారని. వాళ్లు అన్ని హౌస్‌లూ చూశారు. మేం మూడు చూసేసరికి కాళ్లు పడిపోయాయి. పాప "అమ్మా, మనం కూడా టికెట్ కొన్నాం కదా, మరి వాళ్లెందుకు ముందు వెళ్తున్నారు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఈ ఏడు మళ్లీ వెళ్దామంటున్నారు. "మీ నలుగురి పాసులూ నేనే కొంటా, కలిసి తిరుగుదాం" అని బావగారు అన్నారు. మా వారు ససేమిరా అంటున్నారు. "డబ్బుందని లైను దాటడం అన్యాయం, ఊరికే ఇచ్చినా నాకొద్దు" అంటారు. మా వాడు ఊరుకోకుండా "తిరుమలలో 300 టికెట్ తీసుకున్నాం కదా నాన్నా, అది న్యాయమేనా?" అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

సమాధానం: ముందు మీ పాప మాట తీసుకుంటాను. "మనం కూడా టికెట్ కొన్నాం కదా" అంది చూశారా, అసలు విషయం అక్కడుంది. పెదనాన్న వాళ్లకి మనకంటే ఎక్కువ డబ్బుందా అని ఆ అమ్మాయి అడగలేదు. ఒకసారి డబ్బు కట్టి లోపలికి వచ్చాక మళ్లీ ఈ రెండో డబ్బు ఎందుకు అని అడిగింది. పద్నాలుగేళ్ల పిల్ల అంత సూటిగా అడిగితే పెద్దవాళ్లం అంతే సూటిగా జవాబు చెప్పాలి.

నా జవాబు ఇది. మీరు రాసినలాంటి ఈవెంట్లలో ఎక్స్‌ప్రెస్ పాసులు అమ్మే పద్ధతి న్యాయంగా లేదు. అది అమ్మేవాళ్ల తప్పు. వాళ్లు బాహాటంగా అమ్మినదాన్ని కొనుక్కున్న మీ బావగారిని తప్పుపట్టలేం. మీ వారు మొదటి సంగతి సరిగ్గానే పట్టుకున్నారు. రెండోది వదిలేసి అన్నయ్య మీద కోపం పెట్టుకున్నారని నాకు అనిపిస్తోంది.

పార్కు పేరు మీరు రాయలేదు, నాకు అవసరమూ లేదు. ఇలాంటి ఈవెంట్లలో బాగా పేరున్న ఒకదాన్ని తీసుకుని మాట్లాడతాను. ఆర్లాండోలో యూనివర్సల్ స్టూడియోస్ వాళ్లు 1991లో కొద్ది రాత్రులతో ఒక హాలోవీన్ ఈవెంట్ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది దానికి హాలోవీన్ హారర్ నైట్స్ అని పేరు పెట్టారు. ఇప్పుడది ఆగస్టు చివర మొదలై నవంబరు మొదటివారం దాకా సాగుతుంది. 2024లో 48 రాత్రులు జరిగింది. పది హాంటెడ్ హౌస్‌లు ఉంటాయి. సాయంత్రం ఆరున్నర నుంచి ఎక్కువ రాత్రులు తెల్లవారుజామున రెండింటి వరకు. పగటి పార్కు టికెట్‌తో దీనికి వెళ్లలేం, వేరే టికెట్ కొనాలి. ఎక్స్‌ప్రెస్ కావాలంటే ఆ టికెట్ మీద మళ్లీ అదనం. రద్దీ రాత్రుల్లో ఈ అదనం అసలు టికెట్ కంటే ఎక్కువే ఉంటుంది. మామూలు ఎక్స్‌ప్రెస్ పాసుతో ఒక్కో హౌస్‌కి ఒక్కసారి మాత్రమే వేగం లైనులో వెళ్లవచ్చు. పార్కు వాళ్ల ఖరీదైన హోటళ్లలో దిగినవాళ్లకి పగలు ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ కూడా ఈ రాత్రులకు చెల్లదు.

ఇప్పుడొక లెక్క చూద్దాం. ఈ అంకెలు విషయం తేలిగ్గా అర్థం కావడానికి నేను అనుకున్నవి, ఏ పార్కు లెక్కలూ కావు. ఒక హౌస్‌లోకి గంటకు వెయ్యి మందిని పంపగలరు అనుకుందాం. ఏడున్నర గంటలకు 7,500 మంది. పది హౌస్‌లకు కలిపి ఆ రాత్రి మొత్తం 75,000 సార్లు జనం లోపలికి వెళ్లి రాగలరు. అంతకు మించి కుదరదు. ఆ రాత్రి 20,000 మంది వచ్చారు అనుకోండి. అందరూ ఒకే లైనులో నిలబడితే మనిషికి సగటున మూడు ముప్పావు హౌస్‌లు వస్తాయి. ఇప్పుడు అందులో 3,000 మంది ఎక్స్‌ప్రెస్ కొన్నారు, పదికి పదీ చూశారు. వాళ్ల వాటా 30,000 పోయింది. మిగిలిన 45,000ని మిగతా 17,000 మంది పంచుకోవాలి. మనిషికి రెండున్నర కంటే కాస్త ఎక్కువ. అంటే ఎక్స్‌ప్రెస్ లేనివాళ్ల దగ్గర్నుంచి తలా ఒక హౌస్ చొప్పున తీసి కొందరికి అమ్మారు. మీ పాపకు కిందటేడు అర్థమైంది ఇదే, అంకెలు లేకుండా.

అందుకే "కొనుక్కున్నవాడు వెళ్తాడు, నీకేం నష్టం?" అనే వాదన ఇక్కడ నిలవదు. విమానంలో బిజినెస్ క్లాసు కొన్నవాడు తన సీట్లో తను కూర్చుంటాడు, వెనక కూర్చున్నవాళ్లు కూడా అదే సమయానికి దిగుతారు. హాంటెడ్ హౌస్ ముందు అలా కాదు. రెండు లైన్లూ లోపలికి వెళ్లేది ఒకే గుమ్మంలోంచి. అక్కడ నిలబడ్డ ఉద్యోగి వేగం లైనులోంచి ఒక గుంపును వదిలినప్పుడల్లా మామూలు లైను ఆగుతుంది. గంటసేపు నిలబడి గుమ్మం దగ్గరికి వచ్చినవాళ్ల కళ్ల ముందే ఇది జరుగుతుంది. అందుకే అంత మంట.

మీరు జార్జియాలో ఉన్నారు కాబట్టి మీకు రోజూ కనిపించే ఉదాహరణే చెప్తాను. అట్లాంటా చుట్టుపక్కల డబ్బు కట్టి వెళ్లే ఎక్స్‌ప్రెస్ లేన్లు రెండు రకాలుగా వచ్చాయి. ఐ-85 హైవే మీద గ్విన్నెట్ కౌంటీ వైపు 2011లో కొత్తగా రోడ్డేమీ వేయలేదు. కారులో ఇద్దరుంటే చాలు ఉచితంగా వెళ్లగలిగే లేన్‌ని డబ్బు లేన్‌గా మార్చారు, ఉచితం కావాలంటే ముగ్గురుండాలన్నారు. అప్పుడు జనానికి ఎంత కోపం వచ్చిందో అక్కడ పాతకాపులను అడిగితే చెప్తారు. ఐ-75 హైవే మీద కాబ్ కౌంటీ వైపు 2018లో తెరిచినవి కొత్తగా కట్టిన లేన్లు. వాటిలో డబ్బు కట్టి వెళ్లేవాడు పాత రోడ్డు మీద ఒక కారును తగ్గిస్తున్నాడు. కట్టనివాడికి కూడా ఎంతో కొంత మేలే. వేగానికి డబ్బు తీసుకోవడం రెండు చోట్లా ఉంది. కానీ ఒకచోట ఆ డబ్బుతో కొత్త దారి వచ్చింది, ఇంకోచోట అందరి దారిలోంచి ఒక ముక్క కోసి అమ్మారు. ఎక్కడ ఇలాంటి పాసు కనిపించినా నేను ముందు చూసేది ఇదే. ఈ డబ్బు వల్ల ఇంకో దారి వస్తోందా, లేక ఉన్న దారిలో వరస మాత్రమే మారుతోందా? హాలోవీన్ ఎక్స్‌ప్రెస్ అచ్చంగా ఆ ఐ-85 లేన్.

దీనికి తోడు ఇంకో సంగతి ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ఆ రాత్రికి ఎన్ని టికెట్లు అమ్మాలో నిర్ణయించేది పార్కే. లైను ఎంత పొడవుండాలో ఒక రకంగా వాళ్ల చేతుల్లోనే ఉంది. జనం ఎంత ఎక్కువైతే ఎక్స్‌ప్రెస్‌కి అంత గిరాకీ, అంత ధర. లైను తగ్గించగలిగినవాళ్లకే లైను పెరిగితే లాభం. ఎవరో కూర్చుని కుట్ర చేస్తున్నారని నేను అనడం లేదు. కానీ లాభం ఆ వైపు ఉన్నప్పుడు పద్ధతి కూడా మెల్లగా ఆ వైపే ఒరుగుతుంది.

డిస్నీ కథ చూడండి. 1999లో ఫాస్ట్‌పాస్ మొదలుపెట్టినప్పుడు అది ఉచితం. పార్కు టికెట్‌ని మిషన్లో పెడితే ఫలానా టైముకి రమ్మని ఒక చీటీ వచ్చేది. దానివల్ల కూడా మామూలు లైను నెమ్మదించేది. అయినా ఎవరూ పెద్దగా గొడవ చేయలేదు, ఎందుకంటే ఆ చీటీ టికెట్ కొన్న ప్రతివాళ్లకీ దొరికేది. కోవిడ్‌తో అది ఆగిపోయింది. 2021 అక్టోబరులో ఫ్లోరిడాలో దాని స్థానంలో జీనీ ప్లస్ వచ్చింది, మనిషికి రోజుకి 15 డాలర్లు. తర్వాత ధర రోజును బట్టి మారడం మొదలైంది. 2024లో పేరు మార్చి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అన్నారు. అదే ఏడాది చివర్లో ప్రీమియర్ పాస్ అని ఇంకోటి తెచ్చారు. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో మొదట దాని ధర పార్కును, రోజును బట్టి 129 నుంచి 449 డాలర్ల వరకు పెట్టారు. మనిషికి, ఒక్క రోజుకి. పాతికేళ్లలో ఉచిత చీటీ ఇక్కడికి వచ్చింది. మన వైపు చూసినా హైదరాబాద్ వండర్‌లాలో ఎక్కువ ధరకు ఫాస్ట్‌ట్రాక్ టికెట్లు అమ్ముతున్నారు. ఈ ప్రశ్న అమెరికాలో ఉన్నవాళ్లకే పరిమితం కాదు.

పార్కుల తరఫున చెప్పగలిగిన మాట ఒకటుంది, అదీ చెప్పాలి. డబ్బున్నవాళ్లు అదనంగా కట్టడం వల్లే మామూలు టికెట్ ధర అదుపులో ఉంటుంది అంటారు. ఎక్స్‌ప్రెస్ వచ్చాక మామూలు టికెట్ తగ్గి ఉంటే నేను ఈ వాదన ఒప్పుకునేదాన్ని. ధరలు ఏటా పైకే పోతున్నాయి. ఆ అదనపు డబ్బుతో ఇంకో రెండు హౌస్‌లు కట్టినా, ఇంకొన్ని రాత్రులు పెంచి ఒక్కో రాత్రికి జనాన్ని తగ్గించినా అప్పుడు మళ్లీ ఆలోచిస్తాను.

పాసులు లేకుండా ఇలాంటి ఈవెంట్ నడవదు అనడానికీ లేదు. ఆ డిస్నీ వాళ్లే తమ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో చిన్నపిల్లల కుటుంబాల కోసం ఒక హాలోవీన్ పార్టీ నడుపుతారు. 1995లో ఒకే ఒక్క రాత్రితో మొదలైంది. దానికీ వేరే టికెట్ కొనాలి, అదీ చౌక కాదు. కానీ పార్టీ గంటల్లో లైట్నింగ్ లేన్ అమ్మరు. ఎవరైనా అదే లైనులో నిలబడాల్సిందే. టికెట్లు అయిపోతే అయిపోయినట్టే. పగలంతా వేగం అమ్మే కంపెనీయే ఆ కొద్ది గంటలు అమ్మకుండా ఈవెంట్ నడపగలుగుతోంది. మీ పిల్లల వయసుకి అది నచ్చకపోవచ్చు, భయపెట్టేదేమీ ఉండదు. కుదురుతుందని చూపించడానికి చెప్పాను.

ఇక మీ అబ్బాయి మాట. తిరుమల సంగతి ఎత్తినందుకు అతన్ని ఎవరూ కోప్పడకండి. నిజాయితీగా అడిగాడు. నేను ఇప్పుడే చెప్పిన కొలత అక్కడ పెట్టి చూస్తే మనకు ఇబ్బందిగానే ఉంటుంది. స్వామి సన్నిధి ఒక్కటే. రోజుకి ఇంతమందికే దర్శనం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం వల్ల గాని, శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిచ్చి పొందే బ్రేక్ దర్శనం వల్ల గాని ఇంకో గర్భగుడి రాదు. సర్వదర్శనం కంపార్టుమెంట్లో కూర్చున్న మనిషి ఆ మేరకు ఎదురుచూడాలి. ఇది మనం ఒప్పుకోవాలి.

తేడాలు లేవని కాదు. సర్వదర్శనానికి డబ్బు తీసుకోరు. కాబట్టి మీ పాప అన్నట్టు "మేమూ కొన్నాం కదా" అనే మాట అక్కడ రాదు. తిరుపతిలో ఉచిత టోకెన్లు ఇస్తారు, డబ్బు లేనివాడు కూడా ఒక టైము పట్టుకుని వెళ్లే వీలుంది. 65 దాటిన పెద్దవాళ్లకి, వికలాంగులకి, ఏడాది లోపు పసిబిడ్డలున్న తల్లిదండ్రులకి వేరే ఏర్పాట్లున్నాయి. జనాన్ని పెంచి పాసులు అమ్ముకుందామనే వ్యాపారం కాదది. విరాళాలు గుళ్ల నిర్మాణానికి వెళ్తాయి. ఇవన్నీ నిజమే. అయినా ఒక విధంగా అక్కడి ప్రశ్న పార్కు ప్రశ్న కంటే బరువైనది. థీమ్ పార్కు నచ్చకపోతే మానేయొచ్చు, ఇంకో సరదా వెతుక్కోవచ్చు. మొక్కు చెల్లించుకోవడానికి పొలం పనులు ఆపుకుని వచ్చిన మనిషితో ఆ మాట అనలేం. దేవుడి ముందు అందరూ ఒకటేనని చిన్నప్పటినుంచి మన పిల్లలకి మనమే చెప్తాం.

కాబట్టి మీ వారు అబ్బాయితో "అది వేరు, ఇది వేరు" అని కొట్టిపారేయకుండా "నువ్వన్నదాంట్లో నిజముంది, నేనూ ఆలోచిస్తాను" అంటే బాగుంటుంది. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు ఉచిత టోకెన్ తీసుకుని సర్వదర్శనానికి వెళ్దామా అని ఆ పదహారేళ్లవాణ్ణే అడగండి. న్యాయం గురించి ఇంట్లో మాట్లాడేటప్పుడు తండ్రి తన మీద కూడా అదే కొలత పెట్టుకుంటే పిల్లలు వింటారు.

లైనులో ముందుకు వెళ్లడం ఎప్పుడూ తప్పే అని కూడా వాళ్లు అనుకోకూడదు. బిడ్డను ఎత్తుకున్న తల్లిని, నిలబడలేని పెద్దాయన్ని ముందు పంపిస్తే మనలో ఎవరికీ కష్టం అనిపించదు, అనిపించకూడదు. అమెరికా పార్కుల్లో వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే సౌకర్యం అలాంటిది. దాన్నీ కొందరు వదల్లేదు. డబ్బున్న కుటుంబాలు డిస్నీలో వికలాంగులైన గైడ్లను అద్దెకు తీసుకుని వాళ్లతో పాటు ముందుకు వెళ్తున్నారని 2013లో పత్రికల్లో వచ్చింది. అదే ఏడాది డిస్నీ ఆ పద్ధతి మార్చింది. అలా గైడ్లను అద్దెకు తీసుకోవడం ఎక్స్‌ప్రెస్ కొనడం కంటే చాలా నీచమైన పని. ఎందుకంటే అక్కడ అవసరం ఉన్నవాళ్ల చోటును తీసుకున్నారు.

మనవాళ్లకి ఉన్న ఒక అలవాటు కూడా చెప్పాలి. గుంపులో ఒకరిని లైనులో నిలబెట్టి, గుమ్మం దగ్గరపడ్డాక మిగతా ఎనిమిదిమంది తాడు కిందనుంచి దూరి వచ్చి కలుస్తారు. ఇది డబ్బు లేకుండా చేసే లైను దాటడం. పార్కు నియమాలు కూడా ఒప్పుకోవు. ఎక్స్‌ప్రెస్ వాళ్లని తిట్టేవాళ్లే ఇది చేయడం నేను చూశాను. మీ రెండు కుటుంబాలూ కలిసి వెళ్తే మొదటినుంచీ ఎనిమిదిమందీ కలిసే నిలబడండి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగాను. బావగారు పాసులు కొన్నారని మీకు లోపలికి వెళ్లాక తెలిసింది. మీ వారికి ఆ రోజు తగిలిన దెబ్బ అక్కడ ఉందని నా నమ్మకం. కలిసి బయల్దేరాం, కలిసి కారు దిగాం, గేటు దాటాక అన్నయ్య ఒక లైనులో, తమ్ముడు ఒక లైనులో. పిల్లలు చూస్తుండగా. ముందురోజు ఒక్క ఫోను చేసి "మేం పాసులు తీసుకుంటున్నాం, మీరేమంటారు?" అని అడిగి ఉంటే ఈ ఏడాది ఈ గొడవే ఉండేది కాదు. మీ బావగారు ఈసారి మీ నలుగురికీ కొంటాననడంలో ఆ తప్పు దిద్దుకోవాలన్న ఆరాటం ఉందేమో. పెద్దవాళ్లు చాలామంది నోటితో చెప్పలేనిది డబ్బు పెట్టి చెప్తారు. మీ వారు "ఊరికే ఇచ్చినా వద్దు" అన్నప్పుడు అన్నయ్యకి వినిపించేది పాసుల మీద అభిప్రాయం కాదు, తన మీద కోపం.

అందుకని న్యాయం గురించిన వాదన అన్నయ్య దగ్గర పెట్టకుండా మీ వారు కిందటేడు ఏం బాధ కలిగిందో అది మాత్రం చెప్పాలి. "అన్నయ్యా, పోయినసారి వేర్వేరుగా తిరిగాం, పిల్లలకి బాధనిపించింది, నాకూ అనిపించింది. ఈసారి పాసులు ఎవరికీ వద్దు, అందరం ఒకే లైనులో ఉందాం" అంటే ఏ అన్నయ్యా కాదనడు. ఆయన ఏదో ఒకటి పెట్టాల్సిందే అని పట్టుబడితే ఆ రాత్రి భోజనం ఆయన్ని పెట్టమనండి, లేదా హోటల్ గది. తీసుకోవడానికి మొహమాటం లేనిదేదైనా.

పాసులు లేకుండా బాగా చూడగలగాలంటే రోజు మార్చాలి. అక్టోబరు శనివారం ఎవరు వెళ్లినా మీకు జరిగిందే జరుగుతుంది. సెప్టెంబరులో బుధ, గురు, ఆదివారాల్లో జనం తక్కువ, టికెట్ ధర కూడా తక్కువ ఉంటుంది. బడి ఉంటుందంటారా, మీ కౌంటీ ఫాల్ బ్రేక్ ఎప్పుడో చూసుకుని ఆ వారంలో శుక్ర, శనివారాలు కాకుండా వెళ్లండి. గేటు తెరిచే సమయానికి గంట ముందే అక్కడ ఉండాలి. మొదటి గంటలో, చివరి గంటలో లైన్లు బాగా తగ్గుతాయి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా రద్దీ ఎక్కువ, ఆ సమయంలో షోలు చూడండి, తినండి, ఊరికే తిరగండి. అర్ధరాత్రి దాటాక చాలామంది ఇళ్లకు వెళ్లిపోతారు, అప్పుడు మళ్లీ హౌస్‌ల వైపు రండి. ముగింపు సమయానికి లైనులో ఉన్నవాళ్లను సాధారణంగా లోపలికి పంపిస్తారు. పిల్లలకి పగలు బాగా నిద్ర ఉండాలి, మీకూ ఉండాలి.

యూనివర్సల్‌లాంటి చోట పగటి టికెట్ కూడా ఉన్నవాళ్లను పార్కు మూసే సమయానికి లోపలే కొన్ని చోట్ల ఉండనిచ్చి, బయటి గేటు తెరిచేలోపే కొన్ని హౌస్‌లకు పంపిస్తారు. పగలు కూడా పార్కు చూడాలనుకుంటేనే ఇది లాభం. ఇదీ డబ్బుతో వచ్చే ముందడుగే కదా అని మీ వారు అడగొచ్చు. అవును, కొంతవరకు. నేను దీన్ని అంతగా తప్పుపట్టను. పగలంతా అక్కడే గడిపిన మనిషి మధ్యాహ్నం నుంచీ వేచి ఉన్నట్టే.

ఇంకో దారి మీ అబ్బాయికి అప్పగించండి. ఒక రాత్రి టికెట్, దాని మీద ఎక్స్‌ప్రెస్ కలిపి నలుగురికి ఎంతవుతుందో అతన్ని లెక్క వేయమనండి. సీజన్ మొదట్లో అనేక రాత్రులకు పనిచేసే పాసులు కూడా అమ్ముతారు. వాటితో రెండు రాత్రులు వెళ్తే ఎంతవుతుంది, ఇంకో రాత్రి హోటల్ ఖర్చుతో కలిపి? చాలాసార్లు రెండూ దగ్గరదగ్గరగా వస్తాయి. రెండు రాత్రులు తీరిగ్గా తిరగడం ఎక్కువ ఇష్టమా, ఒక రాత్రి పరుగున చూడడం ఇష్టమా అని పిల్లలతో కూర్చుని మాట్లాడండి. అంకె చూస్తే వాళ్లు చాలా బాధ్యతగా ఆలోచిస్తారు.

ఏం చేసినా అక్టోబరు శనివారం తప్ప రెండు కుటుంబాలకీ కుదరదు అంటే? అప్పుడు పాసులు కొనండి, అందరికీ కొనండి. పద్ధతి నచ్చకపోయినా, ఆరేడు గంటలు కారులో కూర్చుని వెళ్లిన పిల్లలు మూడు హౌస్‌లు చూసి తిరిగి రావాలని నేను చెప్పను. మీ కుటుంబం ఒక్కటీ మానేసినంత మాత్రాన ఆ లైను తగ్గదు. మీ వాటా మీరే కట్టుకోగలిగితే మీ వారికి మనసు తేలికగా ఉంటుంది, లేదంటే అన్నయ్య పెట్టనీయండి. వేగం లైనులో వెళ్తూ పక్కవాళ్లని చూసి నవ్వడం, ఫోటోలు తీయడం మాత్రం వద్దని పిల్లలకి ముందే చెప్పండి. సగం మందికి పాసులుండి సగం మందికి లేకుండా మళ్లీ వెళ్లడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మీ వారి కోపానికి సరైన చిరునామా పార్కు. వచ్చాక వాళ్లు పంపే సర్వేని చాలామంది చూడకుండా తీసేస్తారు. ఆయన్ని కూర్చుని నింపమనండి. ఏ తేదీ, ఏ హౌస్ ముందు ఎంతసేపు నిలబడ్డారు, టికెట్ డబ్బుకి ఎన్ని చూడగలిగారు, రాత్రికి అమ్మే టికెట్లు తగ్గించమని, ఎక్స్‌ప్రెస్ సంఖ్యకి హద్దు పెట్టమని. యాప్‌లో కనిపించే లైను సమయాలు ఫోటో తీసి ఉంచుకుంటే గెస్ట్ సర్వీసెస్‌కి రాయడానికి పనికొస్తాయి.

పాపకి ఇలా చెప్పండి: "పార్కువాళ్లు మన దగ్గర ఒకసారి, పెదనాన్న దగ్గర రెండుసార్లు డబ్బు తీసుకున్నారు. వాళ్లు ముందు వెళ్లినప్పుడల్లా మన వంతు కొంచెం వెనక్కి జరిగింది. నీకు అన్యాయం అనిపించింది నిజమే. పెదనాన్న దొంగతనంగా వెళ్లలేదు, అమ్మినది కొనుక్కున్నారు. మనకి చెప్పి ఉండాల్సింది, అది ఆయనకీ తెలిసింది." ఇంతకంటే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఆ చివరి మాట చెప్పే ముందు అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకుని ఉండాలి, కాబట్టి ముందు ఆ ఫోను చేయించండి. తేదీ, టికెట్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.